న్యాయసహాయం - నమ్మకం

న్యాయస్థానం గడప తొక్కే స్తోమత లేని పేదలకు ఉచిత న్యాయసహాయం అందించాలని 1976లో రాజ్యాంగంలో చేర్చిన 39-ఎ అధికరణం రాజ్యాన్ని ఆదేశిస్తున్నది. న్యాయకళాశాలలలోని న్యాయసహాయ కేంద్రాలు ఆ ఆశయానికి చేయూతనిస్తున్నాయి. అక్కడికి వచ్చినవారి గోడు తొలుత ఆలకించేది తరచుగా విద్యార్థియే.

విద్యార్థి న్యాయస్థానంలో వాదించలేడు గాని, కక్షిదారు పత్రాలు చూస్తాడు. అతని రహస్యాలు వింటాడు. భూవివాదంలో చిక్కిన ఒక కౌలురైతు తన వాదంలోని లోపాన్ని అతనికి విప్పిచెప్పాడనుకొందాం. అదే విద్యార్థి మరునెలలో భూయజమాని తరఫు న్యాయవాది వద్ద శిక్షణకు చేరితే ఆ రైతు గతి ఏమిటి? దీనినే ప్రయోజనాల వైరుధ్యం అంటారు.

ఒక పక్షానికి సలహా ఇచ్చిన న్యాయవాది అదే వ్యవహారంలో ఎదుటి పక్షం వహించరాదని బార్ కౌన్సిల్ నియమావళి నిర్దేశిస్తున్నది. ఆ నియమం న్యాయవాదులను ఉద్దేశించినది. విద్యార్థి ఇంకా న్యాయవాది కాడు. అంతమాత్రాన అతనికి కట్టుబాటు అక్కరలేదనడం సమంజసం కాదు. రహస్యం చెప్పుకొన్నవానికి విన్నవాని పట్టాతో పనిలేదు.

కనుక ప్రతి కేంద్రమూ లిఖితపూర్వకమైన నియమం ఏర్పరచుకోవాలి. గోడు వినకముందే ఇరుపక్షాల పేర్లు నమోదు చేయాలి. విద్యార్థి తన బంధుత్వాలను, తాను శిక్షణ పొందుతున్న కార్యాలయాలను తెలపాలి. వైరుధ్యం కనబడితే ఆ పనిని మరొకరికి అప్పగించి తప్పుకోవాలి. విన్నదానిని చదువు ముగిసిన తరువాత కూడ వెల్లడించరాదు.

పనిచేసే విద్యార్థులే కొద్దిమంది అయినప్పుడు ఇన్ని ఆంక్షలెందుకని కొందరు అడగవచ్చు. ధనవంతుడు ఒక న్యాయవాదిని నమ్మలేకపోతే మరొకరిని వెదుక్కొంటాడు. పేదవానికి ఆ కేంద్రమే దిక్కు. అక్కడ నమ్మకం చెడితే అతడు న్యాయం మీదనే ఆశ వదులుకొంటాడు.