కలుజు దాటిన నీళ్ళు వృథా కావు

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

వానలు పడ్డాయంటే చాలు, మనలో ఒక మాట మొదలవుద్ది. “కాళంగి నీళ్ళన్నీ పులికాట్‌లో కలిసి వృథాగా పోతున్నాయి, పైనే కట్టేస్తే పోలా?” టీకొట్టు దగ్గరా ఇదే, మీటింగుల్లోనూ ఇదే. వినడానికి రైతు పక్షం మాట లాగే ఉంటది. కానీ అది మన నెత్తిన పడే బండ.

పులికాట్ అంటే మన పెద్దలు ప్రళయకావేరి అన్న సరస్సు. దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఆ నీళ్ళు పూర్తి ఉప్పూ కాదు, పూర్తి మంచినీళ్ళూ కాదు. ఆ కలయికే దాని ప్రాణం. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు ముఖద్వారం గుండా సరస్సులోకొచ్చి పెరిగి మళ్ళీ సముద్రానికి పోతాయి. మండపీత గుడ్లు వదలడానికి సముద్రానికే పోవాలి. దారి మూస్తే ఈ రాకపోకలన్నీ బంద్.

ఆ దారి ఊరికే తెరుచుకుని ఉండదు. అలలు ఇసక తెచ్చి పోస్తానే ఉంటాయి. లోపల్నించి వరద బలంగా తోస్తేనే ఆ ఇసక కదులుద్ది. రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు పూడిపోయినాయని గోల పెడుతున్నాం గానీ, తోసే నీళ్ళేవి? శ్రీహరికోట రోడ్డు సరస్సుకు అడ్డం పడి నీళ్ళు అటూ ఇటూ తిరగడం తగ్గింది. ఎండాకాలంలో ఉత్తరం వైపు ఎండి బయలవుతోంది.

డ్రెడ్జింగ్ చేస్తే చాలదా అంటారు. ఒడిశాలో చిలికా కూడా ఇట్టాగే పూడింది. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల ప్రపంచ జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ద్వారం తెరిచారు. అంతటితో ఆగలా. పైనుంచి మట్టి కొట్టుకు రాకుండా ఎగువ ఊళ్ళ జనంతో కలిసి పనిచేశారు. 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. చేపల రాబడి ఎన్నో రెట్లు పెరిగింది. ద్వారం ఒక్కటే కాదు, ఎగువ కూడా చూసుకోవాలన్నదే అక్కడి పాఠం.

“చేపలు పోతే వలలోళ్ళకు నష్టం, మనకేంది?” అనేవాళ్ళకు ఒకటే ప్రశ్న. మంచినీళ్ళు రాకుండా సరస్సు ఎండితే మిగిలేది ఉప్పే గదా, అది ఎవరి పొలం గట్టున ఉంటది? భూమిలో మంచినీళ్ళ ఒత్తిడి తగ్గితే ఉప్పునీరు లోపలికి జరుగుద్ది. ముందు చెడేది మన బోరే. రొయ్యల గుంటలకు లీజుకిచ్చే వాళ్ళూ పక్క రైతు గురించి ఆలోచించాలి. 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ పేర్లు పెట్టి మరీ, వాటికి 1000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు వద్దని తీర్పు చెప్పింది.

సరస్సులో మత్స్యకారులకు ‘పాడు’ అని ఒక కట్టుబాటుంది. ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వేయాలో వంతులు. మనం చెరువు నీళ్ళకు వంతులు పెట్టుకున్నట్టే. మనం ఎగువన నీళ్ళు ఆపేస్తే వాళ్ళ వంతులకు అర్థమే లేదు. సరస్సుకీ ఒక వంతుంది అని ఒప్పుకోవాలి.

పైరు ఎండుతుంటే చేపలకు నీళ్ళిమ్మంటావా అని కోప్పడొద్దు. వేసవిలో తూము నీళ్ళు అడగట్లా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెరువులు నిండి కలుజు దూకే నీళ్ళ సంగతే చెప్తున్నా. ఆ నీళ్ళు పోయే కాలువల్ని పూడ్చి నాలుగు సెంట్లు కలుపుకున్నోళ్ళు మన ఊళ్ళల్లో లేరా? వాగుల్లో ఇసక తోడే ట్రాక్టర్లు మనవి కావా? అధికారుల్ని తిట్టే ముందు వీళ్ళను అడగాలి.

వచ్చే గ్రామసభలో రెండు తీర్మానాలు పెట్టించండి. కలుజు కాలువలకు సర్వే చేసి హద్దురాళ్ళు వేయాలి. సరస్సు అంచున కొత్త రొయ్యల గుంటలకు పంచాయతీ ఒప్పుకోకూడదు. మత్స్యకారుల్ని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. నీళ్ళ దగ్గర వాళ్ళూ మనమూ వేరు కాదు.