ఒక బూజుకు ఎన్ని పేర్లు?

మా బావగారు ప్రకాశం జిల్లాలో మిరప పండిస్తారు. ఆ మధ్య గుంటూరు యార్డులో పని చూసుకుని, సాయంత్రం మా యింటికి వచ్చారు. సంచీలోంచి నాలుగు కాయలూ, రెండు కరపత్రాలూ తీసి బల్లమీద పెట్టారు.

కాయలమీద గుండ్రటి మచ్చలు, మచ్చల్లో వలయాలుగా నల్లటి చుక్కలు. కాయకుళ్ళు! ఎర్రగా మెరవవలసిన కాయ గడ్డిరంగుకు తిరిగి తాలు అయిపోతుంది. తాలుకాయకు పలికే ధర సంగతి మిరప రైతుకు వేరే చెప్పనక్కర లేదు.

"ఏమోయ్, తెలుగు మేష్టరువు గదా, ఇది తేల్చు. ఈ కాగితంలో కొల్లెటోట్రైకమ్ కాప్సిసి అని వున్నది. ఆ కాగితంలో కొల్లెటోట్రైకమ్ ట్రంకేటమ్ అని వున్నది. అంటే నా చేలో రెండు తెగుళ్ళన్న మాట. రెండు మందులు కొనవద్దూ?" అన్నారు.

అప్పటికే ఒక మందుకు అప్పు చేసి వున్నారాయన. అదృష్టవశాత్తు, వ్యవసాయ కళాశాలలో చదువుతున్న మా మేనల్లుడు సెలవలకు వచ్చి వున్నాడు. "రెండూ ఒకటే నాన్నా!" అన్నాడు.

"ఒకటే అయితే రెండు పేర్లెందుకురా?"

వాడు తల గోక్కున్నాడు. పేర్ల మాట వచ్చాక నేను ఊరుకోగలనా? మూడు రోజులు పుస్తకాలు తిరగేశాను.

1913లో సిడో అనే జర్మను శాస్త్రవేత్త, కోయంబత్తూరు మిరపమీద దొరికిన ఈ బూజుకు వెర్మిక్యులేరియా కాప్సిసి అని పేరు పెట్టాడు. 1931లో బట్లర్, బిస్బీ అనేవారు మనదేశపు బూజులన్నిటికీ పట్టిక వేస్తూ దీన్ని కొల్లెటోట్రైకమ్ కుటుంబంలో చేర్చారు. పెళ్ళయిన ఆడపిల్లకు ఇంటిపేరు మారి సొంతపేరు నిలిచినట్లు, ముందుమాట మారింది, కాప్సిసి నిలిచింది.

అయితే 1832లోనే అమెరికాలో ష్వైనిట్స్ అనే క్రైస్తవ బోధకుడు ఒక బూజును వర్ణించి, ట్రంకేటా అని పేరు పెట్టి వున్నాడు. అది పప్పుజాతి మొక్కలమీద ప్రసిద్ధి కెక్కింది. 1935లో దానికీ ఇంటిపేరు కొల్లెటోట్రైకమ్ అయింది. 2009లో శాస్త్రవేత్తలు కొడవలిలా వంగిన బీజాలుండే ఈ జాతుల జన్యువులను పోల్చి చూస్తే, మన కాప్సిసీ ఆ ట్రంకేటమూ ఒకటేనని తేలింది!

ఇక ఏ పేరు వుంచాలి? కవికి ఈ చిక్కు లేదు. సూర్యుడికి పది పర్యాయపదాలుంటే ఛందస్సుకు ఏది కుదిరితే అది వాడుకుంటాడు. శాస్త్రంలో పర్యాయపదాలన్నీ సింహాసనానికి పోటీదారులే. నియమ ప్రకారం ముందు పుట్టిన పేరుకే పట్టం. 1832 ముందా, 1913 ముందా? ట్రంకేటమ్ గెలిచింది. లోకంలో బాగా నలిగిన పేరును ప్రత్యేకంగా కాపాడే వెసులుబాటు కూడా వుంది. మన వ్యాకరణంలో రూఢికి యిచ్చే గౌరవం వంటిది. కాప్సిసికి ఆ రక్షణ దొరకలేదు.

ఇంకో విడ్డూరం. బూజులు జత కూడి బీజాలు పెట్టే దశకు ఒక పేరు, ఆ పని లేకుండా పెట్టే దశకు మరో పేరు వుండవచ్చునని చాలాకాలం ఒప్పుకున్నారు. ఆ లెక్కన కొల్లెటోట్రైకమ్‌కు గ్లోమెరెల్లా అని రెండో ఇంటిపేరుండేది. 2011లో మెల్‌బోర్న్ మహాసభ ఆ ముచ్చట ముగించి, ఒక బూజుకు ఒకే పేరన్నది. 1831 నాటి కొల్లెటోట్రైకమ్ నిలిచింది. 1903 నాటి గ్లోమెరెల్లా తప్పుకుంది.

ఇదంతా విని బావగారు, "పేరు మారిస్తే కుళ్ళు ఆగుతుందా?" అన్నారు.

ఆగదు. కాని కాప్సిసి అంటే మిరపది అని అర్థం. ఆ పేరు వింటే ఇది మిరపనే పడుతుందని భ్రమ కలుగుతుంది. కొత్తగా పట్టం కట్టిన పాత పేరు, ఇది సోయా, చిక్కుడు వంటి వాటినీ వదలదని హెచ్చరిస్తుంది. అలాగని పాత పేరును మరిచిపోరాదు. మన మిరపమీద దాదాపు నూరేళ్ళు చేసిన పరిశోధన అంతా కాప్సిసి పేరుమీదే వున్నది. కొత్త పేరుతోనే వెతికే కుర్రవాడికి ఆ పెట్టె తాళం దొరకదు. పైగా కాయకుళ్ళు తెచ్చేది ఈ బూజు ఒక్కటే కాదు, దీని జ్ఞాతులు కూడా వున్నారు. చేలో వున్నది ఎవరో సూక్ష్మదర్శినిలో చూసి చెప్పేవారిని అడగడం మంచిది. కరపత్రం రాసేవారు రెండు పేర్లూ పక్కపక్కన వేసి, "రెండూ ఒకటే" అని ఒక్క ముక్క చేరిస్తే, రైతుకు రెండో మందు ఖర్చు తప్పుతుంది.

బావగారు రెండో మందు కొనలేదు. వచ్చే యేటి విత్తనానికి మచ్చలేని కాయలే ఏరి పెట్టమని అక్కయ్యకు కబురు చేశారు. ఈ బూజు విత్తనంతో కూడా వస్తుంది మరి.

వెళ్ళబోతూ, "మా జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టి, 1972లో ప్రకాశం అయింది. మీ శాస్త్రం లెక్కన ఒంగోలే వుండాలి గదోయ్!" అన్నారు.

జవాబు తోచలేదు. జిల్లాకు గౌరవం, బూజుకు తేదీ ముఖ్యమని సర్దిచెప్పాను.