తల్లి ఏం చేస్తోందట?

పిల్లాడు ఫినాయిలు తాగేశాడని ఎమర్జెన్సీకి పరిగెత్తిన తల్లికి డాక్టరు కంటే ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. “నువ్వేం చేస్తున్నావమ్మా?” వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఫినాయిలుని కూల్‌డ్రింక్ సీసాలో పోసిందెవరని ఒక్కరూ అడగరే!

మా చిక్కడపల్లి సందుల్లో, అటు నారాయణగూడ, అశోక్‌నగర్ వైపు కూడా, “యాసిడ్, ఫినాయిల్” అని అరుచుకుంటూ బండి వస్తుంది. అన్నీ పాత సీసాలే. పేరు రాసిన చీటీ ఉండదు. తెల్లదైతే పాలలా, నల్లదైతే కూల్‌డ్రింకులా కనబడుతుంది, రెండేళ్ల పిల్లకు ఇంకేం తెలుస్తుంది? యాసిడ్ కొనేవాళ్ల గుర్తింపు కార్డు చూడాలి, వివరాలు రాసుకోవాలి అని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ బండి మీద రిజిస్టరు మీరెప్పుడైనా చూశారా? పిల్లలు తిప్పలేని మూతల కోసం అమెరికావాళ్లు 1970లో చట్టమే చేశారు. అక్కడి తల్లులు మనకన్నా జాగ్రత్తపరులనా?

పైగా ఇరుగుపొరుగు వైద్యం ఒకటి. ఉప్పునీళ్లు తాగించి కక్కిస్తారు. యాసిడ్ దిగేటప్పుడు ఒకసారి, పైకొచ్చేటప్పుడు మరోసారి గొంతును కాలుస్తుంది. కిరోసిన్ అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కక్కించకండి. ఆ సీసాను కూడా పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి. దిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఫ్రిజ్ మీద రాసి అంటించుకోండి.

బండివాణ్ని తిట్టి లాభం లేదు, పొట్టకూటికి తిరుగుతున్నాడు. అతనికి ఆ సీసాలు నింపి ఇచ్చేదెవరు, వాళ్ల జోలికి అధికారులు ఎందుకు వెళ్లరు? తల్లిని నిలదీసే నోళ్లు ఈ మాట కూడా అడగాలి కదా!