కాలేయంలో దాగిన నీటి తిత్తి

బక్రీద్ నాడు రాజంపేట వంటి ఊళ్లలో ఖుర్బానీ గొర్రె పొట్ట కోసినప్పుడు, కార్జంలోనో ఊపిరితిత్తులలోనో నీరు నిండిన తెల్లని తిత్తులు అప్పుడప్పుడూ కనిపిస్తాయి. అవి పనికిరావని కోసి పక్కన పడేస్తారు. వాకిట కాచుకొని ఉన్న కుక్క వాటిని నోట కరచుకొని పోతుంది. ఎవరికీ హాని లేనట్లు తోచే ఈ చిన్న పని ఒక వ్యాధికి దారి తెరుస్తుంది.

ఆ వ్యాధి పేరు హైడాటిడ్. దీనికి కారణం ఎకినోకాకస్ అనే బద్దెపురుగు. కొన్ని మిల్లీమీటర్లకు మించని ఈ పురుగు కుక్క పేగులలో నివసిస్తుంది. దాని గుడ్లు కుక్క మలంతో బయటికి వచ్చి మట్టిని, నీటిని, ఆకుకూరలను, కుక్క వెంట్రుకలను అంటుకుంటాయి. మేతతో పాటు అవి గొర్రెల కడుపులోకి పోతాయి. కడగని చేతుల ద్వారా మనుషుల కడుపులోకీ చేరతాయి. మన దేశంలో ఈ వ్యాధి కనిపించే ప్రాంతాలుగా వైద్యులు పేర్కొనే వాటిలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఉన్నాయి.

మనిషి పేగులో గుడ్డు నుంచి వెలువడిన పిల్ల పురుగు పేగు గోడను తొలుచుకొని రక్తంలో కలుస్తుంది. పేగుల రక్తం ముందుగా కాలేయానికే చేరుతుంది కనుక, ఎక్కువ తిత్తులు అక్కడే ఏర్పడతాయి. శరీరం ఊరకే ఉండదు. తెల్ల రక్తకణాలు ఆ పురుగును చుట్టుముడతాయి. ప్రతిరక్షకాలు దాడి చేస్తాయి. చాలా పిల్ల పురుగులు ఈ దశలోనే నశిస్తాయి. బతికి బయటపడినది కొద్ది వారాలలోనే తన చుట్టూ కణాలు లేని దళసరి పొరను అల్లుకుంటుంది. ఇక రక్షక కణాలు దానిని చేరలేవు. అంతటితో ఆగక, అది విడిచే పదార్థాలు రోగ నిరోధక వ్యవస్థ తీవ్రతను తగ్గించి, దాని దాడిని దారి మళ్లిస్తాయి. శరీరం చేయగలిగింది ఒక్కటే మిగులుతుంది: తిత్తి చుట్టూ గట్టి నారపొరతో ప్రహరీ కట్టడం. ఆ ప్రహరీ లోపల తిత్తి ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది.

అందుకే రోగికి చాలాకాలం ఏమీ తెలియదు. జ్వరం లేదు, నొప్పి లేదు. తిత్తి పెద్దదయ్యాక కుడి డొక్కలో బరువు, నొప్పి, ఒక్కోసారి కామెర్లు కనిపిస్తాయి. అసలు ప్రమాదం తిత్తి పగిలినప్పుడు. అంతకాలం కొద్దికొద్దిగా ఆ పదార్థాలకు అలవాటుపడిన శరీరం, లోపలి ద్రవం ఒక్కసారిగా రక్తంలో కలిస్తే తీవ్రమైన అలర్జీతో ప్రతిస్పందిస్తుంది. రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. కాపాడవలసిన వ్యవస్థే అప్పుడు ముప్పు తెచ్చిపెడుతుంది. చిందిన ద్రవంలోని పురుగు మొలకల నుంచి కడుపులో కొత్త తిత్తులూ పుట్టవచ్చు. కనుక డొక్కలో గడ్డ ఉందనిపిస్తే దానిని నొక్కించడం, నాటు మర్దనాలు చేయించడం తగదు.

అల్ట్రాసౌండ్ పరీక్షతో తిత్తిని గుర్తించవచ్చు. రక్తపరీక్షలో ప్రతిరక్షకాలు కనిపించనంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేము. పగలని తిత్తి కొందరిలో వాటిని పుట్టించదు. తిత్తి దశను బట్టి వైద్యులు ఆల్బెండజోల్ మందు, సూదితో ద్రవం తీయడం, శస్త్రచికిత్స, లేదా కేవలం గమనిస్తూ ఉండటం వంటి మార్గాలలో తగినదాన్ని ఎంచుకుంటారు.

తిత్తి ఉన్న గొర్రె మాంసం తింటే ఈ వ్యాధి వస్తుందా అని చాలామంది అడుగుతారు. రాదు. తిత్తిలోని మొలకలు కుక్క పేగులలోనే పురుగులుగా ఎదుగుతాయి. మనకు ముప్పు కుక్క మలంలోని గుడ్ల వల్లనే. కాబట్టి తిత్తులున్న అవయవాలను కుక్కలకు వేయకండి; అవి తవ్వి తీయలేనంత లోతుగా పూడ్చండి, లేదా కాల్చివేయండి. మందను కాచే కుక్కలకు పశువైద్యుని సలహాతో పురుగుల మందు వేయించండి. ఆకుకూరలు బాగా కడగండి. కుక్కను తాకిన పిల్లల చేతులు సబ్బుతో కడిగించాకే అన్నం పెట్టండి.

ఒకసారి ప్రహరీ చాటున చేరిన శత్రువును శరీరం తనంతట తాను వెళ్లగొట్టడం అరుదు. దానిని వాకిలి దగ్గరే ఆపగలవారు ఇంటివారే. ఈ బక్రీద్‌కు కత్తి నూరే ముందు, పెరట్లో ఒక లోతైన గుంత తవ్వి ఉంచండి.