పొలము పని సరే, పద్దు మాటయేమి?

“సరిగా చదువకపోయితివా, గేదెలు కాచుకొని బ్రతుకవలసివచ్చును” అను మందలింపు వినని బాల్యము మన గ్రామములలో అరుదు. పాఠము తప్పిన పిల్లవానికి తండ్రి చూపు నరకము తన బ్రతుకే! ఆ తండ్రియే జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగించుచు ఎద్దుల కొమ్ములకు రంగులు పూయును. ఎద్దులు లేనిచో ట్రాక్టరునకైనను బొట్టు పెట్టును. చేత పూజించు వృత్తిని నోట దూషించుచు, “నేటి పిల్లలకు పొలముపై మమకారము లేదు” అని వాపోవుట యేమి న్యాయము? ఆ మమకారమును మొలకెత్తనీయనివారము మనమే కామా?

ఐక్యరాజ్యసమితి 2014 సంవత్సరమును కుటుంబ వ్యవసాయమునకు అంకితము చేసినది. 2019 మొదలు 2028 వఱకు గల దశాబ్దమును గూడ దానికే కేటాయించినది. యువకులు పల్లెలకు మరలవలెనని వేదికలపై ఉపదేశించువారికిని కొఱత లేదు. “సేద్యమున లాభమే లేనప్పుడు బిడ్డలను అందు దింపుట యేల?” అని తల్లిదండ్రులడుగుదురు. ఈ యాక్షేపణను మేము త్రోసిపుచ్చజాలము. 2018–19 వ్యవసాయ సంవత్సరమునకు సంబంధించిన జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశమున వ్యవసాయ కుటుంబపు సగటు నెలసరి ఆదాయము రూ. 10,218. అందు పంటలవలన వచ్చినది రూ. 3,798 మాత్రమే, కూలి, జీతములవలన వచ్చినది రూ. 4,063. రైతు కుటుంబమును పంటకంటె కూలియే ఎక్కువగా పోషించినదన్నమాట! గిట్టుబాటు ధర, ఋణము, నీరు ఇంటివారి సుగుణములచేత సమకూరునవి కావు. వానికై ప్రభుత్వమును నిలదీయవలసినదే. కావున బిడ్డలందఱును పొలముననే యుండవలెనని మేము చెప్పము. పోగోరువానిని సుఖముగా పోనిండు. ఉండగోరువానిని మనమెట్లు చూచుచున్నాము? ఇదియే మా ప్రశ్న.

ముప్పదియేండ్ల కొడుకు తెల్లవారుజామున కాలువకు పోయి వంతు నీరు పెట్టును, మందు చల్లును, కూలీలను పిలుచును, ధాన్యమును కాటా వేయించును. కాని ఏ వంగడము వేయవలెనో, ఎవరికమ్మవలెనో, ఎంత అప్పు తేవలెనో నిర్ణయించువాడు తండ్రి. పట్టాదారు పాసుపుస్తకము తండ్రి పేర, పైకము తండ్రి చేత, పద్దు తండ్రి తలలో! కొడుకు చొక్కాగుడ్డకైనను చేయి చాచవలెను. తండ్రి గతించి ప్రామిసరీ నోట్లు బయటపడిననాడు గాని ఇంటి ఋణమెంతో అతనికి తెలియదు. నగరమున చిన్న యుద్యోగము చేయు తోటివాడో, నెల మొదట తన జీతమును తాను లెక్కించుకొనును. ఇట్టి యువకుడు ఊరు విడిచినచో అతడు రోసినది మట్టిని కాదు, జీతము లేని పాలేరుతనమును.

అతడు పోయిన నష్టమెవరిది? ఏ మడి ముందుగా ఆఱును, ఏ మూల చౌడు పొంగును, ఏ బోదె వానకు తెగును అను జ్ఞానము తండ్రి వెంట గట్లపై నడిచినవానికే అబ్బును. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుండి శాస్త్రమును బోధించుచున్నది. మన మడి సంగతి మాత్రము మనమే చెప్పవలెను. చెప్పుటకు ముందు, వినువానికి ఆ మడి తనదను నమ్మకము కలిగింపవలెను.

కూతుళ్ళ విషయమున మఱింత సిగ్గుపడవలసియున్నది. నాట్లు, కలుపుతీత, పాడి, విత్తనము దాచుట స్త్రీల చేతిమీదుగనే జరుగును. వారసుడనగానే మన చూపు కొడుకువైపే మరలును. హిందూ ఉమ్మడి కుటుంబాస్తిలో కొడుకులతో సమానమైన జన్మహక్కును చట్టము 1985లో ఆంధ్రప్రదేశమున నాటికి పెండ్లికాని కుమార్తెలకును, 2005లో దేశమంతట కుమార్తెలందఱకును ఇచ్చినది. 2020లో సుప్రీంకోర్టు ఆ జన్మహక్కును స్థిరపఱచినది. అయినను 2015–16 వ్యవసాయ గణనమున స్త్రీల నిర్వహణలో తేలిన కమతములు నూటికి 14 మాత్రమే. పెండ్లినాడు కొంత సొమ్ము చేతబెట్టి, పిదప హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించుకొని, “మా అమ్మాయి బంగారము, ఏమియు అడుగలేదు” అని మెచ్చుకొను పెద్దమనుష్యులు మనలో లేరా?

“ఆడపిల్లలకు గూడ పంచినచో కమతములు ముక్కలైపోవును” అని కొందఱు వాదింతురు. 1970–71లో 2.28 హెక్టార్లుగా నున్న దేశపు సగటు కమతము 2015–16 నాటికి 1.08 హెక్టార్లకు దిగిన మాట నిజము. కాని నలుగురన్నదమ్ములు గట్లు వేసికొన్నప్పుడు పుట్టని భయము ఆడపడుచు నోరు తెఱచినప్పుడే యేల పుట్టును? హక్కు పంచుట వేఱు, గట్టు వేయుట వేఱు. వాటాలు పత్రమున వ్రాసికొని, సేద్యము ఒక్కటిగా సాగించి, ఏటేట ఫలితమును పంచుకొనుటకు అడ్డమేమున్నది? అడ్డమున్నది మన మనస్సులలోనే.

గృహస్థులారా! రాబోవు ఏరువాకనాడు ఎద్దులకు బొట్టు పెట్టిన పిమ్మట అరుగుపై చాప పఱచి కొడుకును కూతురును కూర్చుండబెట్టుడు. నిరుటి పద్దు విప్పుడు. అప్పెంత, ఎరువులకెంత, ధాన్యమెవరికెంతకు అమ్మితిమో దాపఱికము లేక చెప్పుడు. ఒక్క యెకరమును వారి యిష్టమునకు విడువుడు. నష్టము వచ్చినను ఒక యేడు నోరు మెదపకుడు. ఆ పద్దు చూచిన పిదప బిడ్డ యుద్యోగమునకే పోయెనా, అన్నియు తెలిసి పోవును. నిలిచెనా, పాలేరుగా గాక రైతుగా నిలుచును.