గొంతుక లేని కృష్ణుడు

పద్యనాటకమును చలనచిత్రముగా మార్చబూనినవారు మొదట వెదకవలసినది ముఖమునా, గొంతుకనా? గడచిన మాసమున మా పట్టణపు పఠనమందిరములో నొక సాయంకాలమీ ప్రశ్న పుట్టి, తలుపులు మూయు వేళవరకును తెగలేదు. చిత్రపరిశ్రమతో పరిచయముగల మిత్రుడొకరు, "ముందు జనాకర్షణగల నటుని కుదుర్చుకొనుడు, గొంతుకకేమి, ఎక్కడనైనను దొరకును" అని సులభముగా తేల్చివేసిరి. పలువురు తలలూపిరి. ఆ తలయూపులే నాచేత నీ నాలుగు మాటలు వ్రాయించుచున్నవి. డెబ్బది యెనుబది యేండ్లుగా తెలుగు నాటకమునకు జరుగుచు వచ్చిన యన్యాయమంతయు ఆ యొక్క వాక్యములో నిమిడియున్నది.

గానముతో గూడిన నాటకము మనకు పరదేశమునుండి దిగుమతియైన సరకు కాదు. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు రంగస్థలముమీద పాత్రలచేత పద్యములు పాడించిరి. 1885 లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధ నాడి బయలుదేరిన కుటుంబము ఊరూర తన రంగస్థలము నెత్తినది. అది మొదలు తెలుగువాడు నాటకమును చూడబోలేదు, వినబోయినాడు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను జనులు కురుక్షేత్రమని పిలిచి రాత్రి తెల్లవార్లు ఆడించుకొన్నారు. కంట్రాక్టు నాటకములలో ఒక్క రాత్రి, ఒక్క కథలో ఇరువురు ముగ్గురు కృష్ణులు రంగమెక్కుదురు. పడకసీనులో నిద్ర నటించు కృష్ణుడు వేఱు, రాయబారమునకు బోవు కృష్ణుడు వేఱు. మొదటివాడు సన్నగా నుండును, రెండవవాడు లావుగా నుండును. ఒకడు నల్లనివాడు, ఒకడు పచ్చనివాడు. ఇదేమి చిత్రమని యడిగిన ప్రేక్షకుని నేనెఱుగను. కాని పద్యము మూడవ పాదమున శ్రుతి తప్పెనా, వెనుక చాపలమీద కూర్చున్న రైతుకూడ ఊరకుండడు. ముఖము మాఱిన సహించి, గొంతుక చెడిన సహింపని జనమునకు పాత్ర యెక్కడ నున్నదో తెలియునా, తెలియదా? కపిలవాయి రామనాథశాస్త్రిగారి గ్రామఫోను పలకలను విన్నవారిలో ఆయనను కన్నులార చూచినవారెందఱు? పలక తిరుగుచున్నంతసేపును ఆ యింట పాత్ర నిలిచియే యుండెను.

తొలి టాకీలవారికీ రహస్యము తెలియును. 1932 నాటి భక్తప్రహ్లాద కొఱకు హెచ్.ఎం. రెడ్డిగారు రంగస్థలమునే ఆశ్రయించిరి. సురభి కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. 1936 లో ద్రౌపది కథమీద రెండు చిత్రములు పోటీపడి వచ్చినవి. ద్రౌపదీ వస్త్రాపహరణములో యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు, సి.యస్.ఆర్. ఆంజనేయులుగారు కృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. ద్రౌపదీ మానసంరక్షణములో బళ్లారి రాఘవగారు దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావుగారు కృష్ణుడు. వ్యాజ్యము మొదటివారి పక్షముననే తీరినది. రాఘవగారును బందావారును న్యాయవాదులగుటచేత మా వృత్తివారికి ఆ తీర్పుమీద నేటికిని కొంత కినుక కలదు, అది యటుండనిండు. గెలిచినవారును ఓడినవారును రంగస్థలముమీద రాత్రులు గడపి గొంతుకను పండించుకొన్నవారే యనుట గమనింపదగినది. 1939 లో కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయము చిత్రమైనప్పుడు కాళింది పాత్రకు భానుమతి యను బాలికను దెచ్చిరి. కట్నపు బేరములో నలిగిన ఆ పిల్ల త్యాగరాజకృతి నందుకొన్నపుడు దుఃఖమును పాటయు నొక్క కంఠమునుండియే వచ్చినవి. పిమ్మట నాగయ్యగారి పోతన, త్యాగయ్య. ఆ రోజులలో గొంతుకయు ముఖమును ఒక్క మెడమీదనే యుండెడివి.

తరువాత నేపథ్యగానము వచ్చి స్థిరపడినది. ఒకడు పాడ, నొకడు పెదవులు కదపును. మా కోర్టుభాషలో జెప్పవలెనన్న, పాత్ర తరపున గాయకుడు వకాల్తా పుచ్చుకొనును. కక్షిదారు మాటలాడకుండ నిలుచుండును. ఘంటసాల వేంకటేశ్వరరావుగారిని నేను తక్కువచేసి మాటలాడుదునని యెవరును అనుకొనవలదు. పద్యమును రాగపు చిక్కులనుండి విడిపించి, అర్థము ముందునకు వచ్చునట్లు పాడి, చలనచిత్రములో పద్యమునకు ప్రాణము పోసినవారు ఆయన. వారు లేకున్న తెరమీద పద్యమే మిగులకపోవును. కాని రాముడు పాడిన ఆ గొంతుకయే, కృష్ణుడు పాడిన ఆ గొంతుకయే, అర్జునుడు పాడిన ఆ గొంతుకయే యైనపుడు, మహనీయమైన యొక గాయకుడు మనకు మిగిలెనే గాని పాత్రలు పలుచబడినవి. రంగస్థలముమీద ఎవరి కృష్ణుడు వారిదే. ఈలపాట రఘురామయ్యగారి కృష్ణుని నవ్వు ఆయన పద్యములోనే యుండెను, దానిని మఱియొకనికి వకాల్తా యీయ వీలులేదు. 1960 నాటి శ్రీకృష్ణ రాయబారము చిత్రమున ఆయననే కృష్ణునిగా నిలిపిరనగా, నేపథ్యగానము రాజ్యమేలుచున్న దినములలోను ఆ పని సాధ్యమేయని తేలుచున్నది. 1966 నాటి శ్రీకృష్ణతులాభారమును జూడుడు. సత్యభామగా స్థానం నరసింహారావుగారు రంగముమీద ప్రసిద్ధిలోనికి దెచ్చిన పాటను చిత్రమున సుశీలగారు పాడ, జమునగారు అభినయించిరి. ఇరువురును సమర్థులే. అయినను ఒక పురుషుడు ఆహార్యమును, నడకను, కంఠమును ఏకముచేసి కట్టిన సత్యభామను ఇద్దఱు స్త్రీలు పంచుకొనవలసివచ్చినది.

ఈ జబ్బు మన యొక్కరిదే కాదు. 1956 లో న్యూయార్కు రంగస్థలముమీద మై ఫెయిర్ లేడీ నాటకములో ఎలైజా పాత్ర ధరించి పాడి జనులను మెప్పించినది జూలీ ఆండ్రూస్. వార్నర్ సంస్థ దానిని చిత్రముగా తీయబూని, చిత్రలోకమున ఆమెకు పేరు లేదని త్రోసి, ఆడ్రీ హెప్‌బర్న్‌ను నిలిపినది. హెప్‌బర్న్ శ్రమపడి పాటలు నేర్చి పాడినది. ఆ పాటలలో పెక్కింటిని తీసివేసి మార్నీ నిక్సన్‌చేత పాడించిరి, ఆ గాయని పేరు తెరమీద వేయలేదు. అదే చిత్రములో పాట సరిగా రాని రెక్స్ హారిసన్ మాత్రము, పెదవులు కదపుట నా వలన కాదని పట్టుబట్టి, మెడపట్టీలో తీగలేని మైక్రోఫోను దాచుకొని కెమెరా యెదుటనే మాటయు పాటయు కలిపి పలికెను. 1964 నాటి ఆ చిత్రమునకు ఉత్తమనటుడుగా బహుమానము వచ్చినది ఆయనకే. హెప్‌బర్న్‌కు పోటీలోనే చోటు దొరకలేదు. ఆ సంవత్సరపు ఉత్తమనటి వేఱొక చిత్రమున తానే పాడి నటించిన జూలీ ఆండ్రూస్! 2012 లో లే మిజరాబ్ల చిత్రమునకు నటులచేత కెమెరా తిరుగుచుండగనే పాడించిరి. అందఱును బాగుగ పాడిరని నేననను. కాని తడబడిన గొంతుకయైనను అది ఆ పాత్రదే గదా.

మా మిత్రుని ప్రధానమైన యాక్షేపణ యింకొకటి యున్నది. కెమెరా దగ్గఱకు వచ్చి చూచును, అఱువదియేండ్ల కృష్ణుని ముడుతలు దాచుట కష్టము. రాగము సాగదీసినంతసేపు తెరమీద నేమి చూపుదుము? అని వారందురు. ముడుతల మాట కొంత నిజమే. అఱువదియేండ్లవాడే కావలెనని నేను పట్టుబట్టలేదు. పద్యము పాడు ముప్పదియేండ్ల యువకులు నేటికిని పరిషత్తు పోటీలలో కనబడుచున్నారు. వారిని ఏ చిత్రనిర్మాత పోయి విన్నాడు? ఇక రాగము సాగినంతసేపు ఏమి చూపవలెనన్న ప్రశ్నకు నవ్వు వచ్చుచున్నది. రాయబారములో కృష్ణుడు ఒంటరిగా లేడు. కొలువంతయు నిండియున్నది. పాడువాని నోటినే గంటసేపు చూపుమని యెవరు చెప్పిరి? ఒక్కొక్క పాదము దిగుచుండగా భీష్ముని తల వంగుట చూపుడు. కర్ణుని చేయి కత్తిపిడిమీదికి పోవుట చూపుడు. కన్నులు లేని ధృతరాష్ట్రుడు చెవులతోనే చూచుచున్నాడు గదా, ఆ మొగమును చూపుడు. రంగస్థలముమీద ఇది సాధ్యము కాదు; నటుడు సభవైపు తిరిగి పాడును, తక్కిన పాత్రలు బొమ్మలవలె నిలుచుండును. వినువాని ముఖమును చూపగల శక్తి కెమెరాకే యున్నది. ఆ శక్తిని వాడుకొనక, పద్యములను రెండు పాదములకు కత్తిరించి, మిగిలిన కథను మాటలలో చెప్పించి, అనుసరణమని పేరు పెట్టుటయా? చెఱకు నమ్మి పిప్పి వండుకొన్నట్లున్నది.

ఇది రసికుల తీరికవేళ తగవు కాదని చెప్పుటకు నాకు తెలిసిన సంగతి యొకటి మనవి చేసెదను. భాషోద్యమపు పనిమీద పల్లెలు తిరుగు దినములలో ఒక వృద్ధనటుని యింట నేను భోజనము చేసియున్నాను. పగలు చూచిన ఎవరును ఆయనకు నమస్కరింపరు. రాత్రి కిరీటము పెట్టి హార్మోనియము శ్రుతి యందిన పిమ్మట ఊరంతయు లేచి నిలుచును. ఒక చిత్రము తీయువారు ఆయనను పిలిపించుకొని పండ్రెండు దినములుంచుకొని, పద్యమెక్కడ విఱువవలెనో, ఏ మాటను రెండుమాఱులనవలెనో, ఎచ్చట ఊపిరి పట్టవలెనో తమ గాయకునికి నేర్పించుకొన్నారట. దారిఖర్చులు, పంచెలచాపు ఇచ్చి పంపిరి. చిత్రము విడుదలయైనది. గాయకుని పేరున్నది, ముసలివాని పేరు లేదు. మనుమని వెంటబెట్టుకొని నోటీసు వ్రాయుమని ఆయన నా కచేరికి వచ్చెను. ఒప్పందమని చూపుటకు ఒక్క కాగితము లేదు. 1994 సవరణ ప్రదర్శకునికి హక్కు నిచ్చినది. 2012 సవరణ తన ప్రదర్శనమునకు తన పేరు చెప్పబడవలెనని యడుగు హక్కును చేర్చినది. కాని చట్టము కాపాడునది ప్రదర్శనమును, పాడుతీరును కాదు. ఆయన పాడినది అందులో లేదు, ఆయన పాడు తీరు మాత్రమే యున్నది. ఈ మాట చెప్పుటకు నాకు నోరాడలేదు. ఆయనయే గ్రహించి, "పోనిండు బాబూ, పద్యము బ్రతికినది చాలును" అని లేచిపోయెను. ఆ వాక్యము విని నేను సంతోషింపలేదు. దొంగసొత్తు బ్రతికియున్నదని సొత్తుగలవాడు సంతోషింపవలసిన గతి యేమి?

కాబట్టి చిత్రములు తీయువారిని నేనడుగునది పెద్దపని కాదు. పద్యనాటకము నెత్తుకొన్నపుడు పాత్రధారిని ఎన్నుకొను గదిలో అద్దమునకు ముందు హార్మోనియము పెట్టుడు. పాడగలవాడు దొరకినచో వానినే నిలుపుడు. దొరకనిచో ప్రతి పాత్రకును దానికి తగిన గొంతుకను వేఱువేఱుగా వెదకి, నటుని పేరుతో సమానముగా ఆ పేరును తెరమీద వేయుడు. నేర్పినవాని పేరును వేయుడు. నాలుగు పాదముల పద్యమును నాలుగు పాదములుగా నుంచుడు. ఇవేవియు చేయలేమన్న, కృష్ణుని జోలికి పోక క్రొత్తకథ యొకటి వ్రాయించుకొనుడు, మాకు ఫిర్యాదు లేదు.

వచ్చు శివరాత్రికి మా పట్టణమునకు సమీపమున నొక గ్రామములో కురుక్షేత్రము ఆడుచున్నారు. ముగ్గురు కృష్ణులని కరపత్రము వచ్చినది; రాయబారము మూడవ కృష్ణునిదట. మా మిత్రునికి ముందువరుసలో కుర్చీ వేయించి యుంచెదమని పఠనమందిరమువారు కబురంపిరి. ఆయన యింతవరకు ప్రత్యుత్తర మీయలేదు.