కిన్నెర బుర్ర మోగాలి, హెడ్‌ఫోన్ బుర్ర మోగకూడదు

లక్షన్నర పెట్టి కొన్న క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ పదివేల దాని కన్నా పదిహేను రెట్లు బాగా వినిపిస్తుందా? వినిపించదు. మాట్లాడితే రెండు రెట్లు కూడా వినిపించదు. ఈ ఒక్క ముక్క చెప్పేసి టపా ముగించెయ్యొచ్చు. కానీ ఎందుకు వినిపించదో, మరి ఆ డబ్బంతా ఎక్కడికి పోతుందో చెప్పకపోతే "కొనలేనోడు గిట్లనే అంటడు" అని మా టీములో తమ్ముళ్ళు తేల్చేస్తారు. పైగా మా ఊరి పేరే గట్టు. గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చింది :)

విషయం ఎక్కడ మొదలైందంటే, మా టీములో కొత్తగా చేరిన తమ్ముడొకడు "అన్నా, డాన్ క్లార్క్ స్టెల్త్ ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్న, ఎట్లుంటదంటవ్?" అని అడిగాడు. 2021లో ఆ హెడ్‌ఫోన్ విడుదలైనప్పటి ధర 3999 డాలర్లు. మన రూపాయల్లో మూడు లక్షల పైమాటే. మన సర్వీస్ కంపెనీల్లో చాలామంది ఫ్రెషర్లకి ఏడాదికి ఇచ్చే ప్యాకేజీ ఇంచుమించు అంతే. అంటే ఏడాది పాటు చేసిన చాకిరీ అంతా తీసుకెళ్ళి రెండు చెవులకి తగిలించడమన్నమాట. ఇష్టమైతే తగిలించుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ఏం కొంటున్నామో తెలిసి కొనాలి.

ముందు క్లోజ్డ్ బ్యాక్ అంటే ఏమిటో చూద్దాం. హెడ్‌ఫోన్‌లో పల్చటి పొర ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ముందు వైపు శబ్దం చెవిలోకి వెళ్తుంది. మరి వెనక వైపు శబ్దం? అదీ అంతే ఉంటుంది కదా. ఓపెన్ బ్యాక్ అయితే జాలీలోంచి బయటికి పోతుంది, పక్కనున్న వాళ్ళు కూడా మన పాట వింటారు. క్లోజ్డ్ బ్యాక్‌లో దానికి దారి లేదు. కప్పు గోడకి తగిలి వెనక్కొస్తుంది, ఆ పల్చటి పొరలోంచే మళ్ళీ చెవి దాకా వచ్చి అసలు పాటలో కలుస్తుంది. చిన్న లెక్క వేసి చూడండి. రెండు సమాంతర గోడల మధ్య మూడు సెంటీమీటర్ల దూరం ఉందనుకుంటే, వాటి మధ్య మొదటి నిలువు అల సుమారు 5700 హెర్ట్జ్ దగ్గర పుడుతుంది. మన చెవులు బాగా చురుగ్గా ఉండే ప్రాంతానికి అది పక్కిల్లే.

మా పాలమూరు వాళ్ళకి ఈ సంగతి చెప్పాలంటే కిన్నెర చాలు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర 2021లో భీమ్లా నాయక్ పాట వచ్చాక అందరికీ తెలిసింది. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. వెదురు కర్రకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టి చేసే వాయిద్యం అది. తీగ సొంతంగా చేసే చప్పుడు ఎంతని? బుర్ర మోగితేనే కిన్నెర. ఆ బుర్రకున్న గొంతే కిన్నెర గొంతు. హెడ్‌ఫోన్ సంగతి దీనికి సరిగ్గా తిరగేసి. కప్పుకి సొంత గొంతు ఉండకూడదు. ఉంటే మొగిలయ్య గారి కిన్నెరకీ, ఇళయరాజా గారి వయొలిన్లకీ, స్టాండప్ కాల్‌లో మేనేజర్ గొంతుకీ అన్నిటికీ ఒకే రంగు పులిమేస్తుంది. డెనాన్ వాళ్ళు 2018లో ఏహెచ్-డీ9200కి వెదురు కప్పులు పెట్టారు. కిన్నెరలోనూ వెదురే, ఇందులోనూ వెదురే. అక్కడ మోగాలి, ఇక్కడ మోగకూడదు.

ఖరీదైన క్లోజ్డ్ హెడ్‌ఫోన్లన్నీ ఈ ఒక్క సమస్య చుట్టూనే తిరుగుతాయి. ఎవరి తంటాలు వాళ్ళవి.

సోనీ ఎండీఆర్-జెడ్1ఆర్ 2016లో వచ్చింది. 70 మిల్లీమీటర్ల పెద్ద డ్రైవర్. కప్పు మోగకుండా కెనడా చెట్ల గుజ్జుతో చేసిన పొర పెట్టారు. బేస్ నిండుగా, గుండెల్లో కూర్చున్నట్టుంటుంది. కానీ 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ముల్లు ఉంది. స, శ అక్షరాలూ, తాళాల మోతా కాస్త గుచ్చుకుంటాయి.

సెన్‌హైజర్ హెచ్‌డీ 820 2018లో 2399 డాలర్లకి వచ్చింది. డ్రైవర్ వెనక లోపలికి వంగిన గాజు పలక ఉంటుంది. వెనక శబ్దాన్ని ఆ గాజు పక్కకి మళ్ళించి, పీల్చుకునే గదుల్లోకి పంపుతుంది. ఇంజనీరుగా చూస్తే ముచ్చటేస్తుంది. విశాలంగా కూడా వినిపిస్తుంది. అయితే గ్రాఫుల్లో 300 హెర్ట్జ్ దగ్గర ఒక లోయ కనిపిస్తుంది. మగవాళ్ళ గొంతులో నిండుదనం ఉండేది ఆ చుట్టుపక్కలే. బాలు గారి గొంతు మీద పెరిగిన మనబోటి వాళ్ళకి అది చిన్న లోటేం కాదు.

ఫోకల్ స్టెలియా 2019లో 2999 డాలర్లకి వచ్చింది. బెరిలియం డ్రైవర్, 35 ఓమ్‌లే కాబట్టి ఫోనుకి పెట్టినా పాడుతుంది. దెబ్బ పడ్డ చోట దెబ్బలాగే వినిపిస్తుంది. డప్పు పాట పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది.

ఇహ మా తమ్ముడి స్టెల్త్. ఇది ప్లానార్ రకం. డ్రైవర్‌కీ చెవికీ మధ్య సన్నని గొట్టాలూ గదులూ ఉన్న మెటామెటీరియల్ ముక్క పెట్టి, పై ఫ్రీక్వెన్సీల్లో తిరిగే అలల్ని అక్కడే అణిచేశారు. నాకు తెలిసినంతలో కప్పు గొంతు అతి తక్కువగా వినిపించే క్లోజ్డ్ బ్యాక్ ఇదే. నిజాయితీగా ఒప్పుకోవాలి, గొప్ప పని. కానీ ఇది మోగాలంటే మంచి ఆంప్ కావాలి, లాప్‌టాప్ జాక్‌కి లొంగదు. కాబట్టి మూడు లక్షల దగ్గర లెక్క ఆగదు.

మరి పది, పదిహేను వేల అటూఇటూ దొరికేవి ఏం చేస్తున్నాయి? సోనీ ఎండీఆర్-7506 1991 నుంచి స్టూడియోల్లో అరిగిపోతూనే ఉంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో మెత్తగా కూర్చుంటుంది, పై స్వరాలు మాత్రం ఒక పిసరు ఎక్కువ. ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ బేస్ కాస్త ముందుకు తోస్తుంది. మూడింటికీ లోపాలున్నాయి. అయితే జెడ్1ఆర్ ముల్లూ లోపమే, 820 లోయా లోపమే. డబ్బు ఎక్కువ పెడితే లోపాలు పోతాయనుకుంటాం. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, లోపం చోటు మారుతుంది.

ఇది నా ఒక్కడి గోల కాదు. 2017లో జెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకుని చూస్తే, ధరకీ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ సంబంధం కనబడలేదు. అంతకు ముందే హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టి 2012 నుంచి వరసగా పరీక్షలు చేశారు. ఏ హెడ్‌ఫోనో, ఎంత ధరో వినేవాళ్ళకి తెలియకుండా వినిపించారు. తల మీద పెట్టగానే బరువుని బట్టీ, మెత్తని బట్టీ పోల్చేస్తారు కదా, అందుకని ఒకే హెడ్‌ఫోన్‌లోంచి ఈక్వలైజర్‌తో వేరే హెడ్‌ఫోన్ల శబ్దాన్ని అనుకరించి కూడా వినిపించారు. బ్రాండ్ పేరు కనబడనప్పుడు ఎక్కువమంది ఇష్టాలు ఇంచుమించు ఒకే రకం శబ్దం దగ్గరికి చేరాయి. హర్మన్ కూడా హెడ్‌ఫోన్లు అమ్మే కంపెనీయే, కాబట్టి ఉప్పు కాస్త చల్లుకునే చదవండి. అయినా కళ్ళు మూసుకుని వినడం అనే పద్ధతిలో తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు.

మనం ఇళ్ళల్లో పోల్చుకునేటప్పుడు ఇంకో మాయ ఉంటుంది. రెండిట్లో ఏది కొంచెం గట్టిగా మోగితే అది బాగున్నట్టు అనిపిస్తుంది. ఒక డెసిబెల్ తేడా చాలు, "గట్టిగా ఉంది" అని తోచదు, "వివరంగా ఉంది" అని తోస్తుంది. వాల్యూమ్ సమం చెయ్యకుండా చేసిన పోలికకి నేను అర్ధరూపాయి కూడా ఇవ్వను.

ఇప్పుడు అసలైన ప్రశ్న. ఇంతా చేసి మనం వినేదేమిటి? రివ్యూలు రాసేవాళ్ళు జాజ్ రికార్డులు పెట్టి వింటారు. మనం పెట్టుకునేది ఘంటసాల, బాలు, చిత్ర. 1957 నాటి మాయాబజార్ పాటలు మోనో. రెండు చెవులకీ ఒకటే శబ్దం వెళ్తుంది, గొంతు తల మధ్యలో కూర్చుంటుంది. స్టేజ్ ఎంత విశాలంగా ఉన్నా ఇక్కడ ఒరిగేదేం లేదు. ఆ రోజుల ఆప్టికల్ సౌండ్‌ట్రాక్‌లో 8 కిలోహెర్ట్జ్ పైన మిగిలేది చాలా తక్కువ. లేనిదాన్ని ఏ బెరిలియమూ పుట్టించలేదు. ఉన్న బుసబుసని మాత్రం శ్రద్ధగా వినిపిస్తుంది. 2010లో హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ వాళ్ళు మాయాబజార్‌కి రంగులద్ది, శబ్దాన్ని కూడా డీటీఎస్‌కి మార్చి విడుదల చేశారు. పాత మోనో పాటా, ఆ కొత్త శబ్దమూ పక్కపక్కన పెట్టి వినండి. ఆ రెంటి మధ్య తేడా ముందు పదివేల హెడ్‌ఫోన్‌కీ రెండు లక్షల హెడ్‌ఫోన్‌కీ తేడా చిన్నబోతుంది. డబ్బుంటే మంచి రికార్డింగ్ వెతుక్కోవడం మీద పెట్టండి. అక్కడ ప్రతి రూపాయీ వినిపిస్తుంది.

రెండోది కళ్ళజోడు. ఐటీలో ఉండి కళ్ళజోడు లేనివాళ్ళెంతమంది? క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ అంతా కుషన్ చెవి చుట్టూ గాలి పోకుండా అతుక్కోవడం మీదే ఆధారపడి ఉంటుంది. కళ్ళజోడు కాడ దగ్గర సన్నని సందు చాలు, కింది స్వరాలు కారిపోతాయి. ఈ తేడా ఒక్కోసారి రెండు మోడళ్ళ మధ్య తేడా కన్నా పెద్దది. రివ్యూ రాసినాయన తల వేరు, మీ తల వేరు. తేలిక పరీక్ష ఒకటుంది. పాట నడుస్తుండగా రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లగా నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందా, మీకది సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఎన్ని లక్షలదైనా సరే. గద్వాల చీరలో నూలు ఒంటికీ పట్టు అంచుకీ మధ్య కుట్టు సరిగ్గా పడకపోతే పట్టు ఎంత మంచిదైతే ఏం లాభం? అట్లాగే ఇదీనూ.

మూడోదే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. క్లోజ్డ్ బ్యాక్ మనకెందుకు? ప్రశాంతమైన గది లేదు కాబట్టి. ఓపెన్ ఆఫీసు, పీజీ రూము, పైన ఫ్యాను, బయట హారన్లు. గోల ఎక్కువైతే వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకి వారానికి 80 డెసిబెళ్ళు 40 గంటల దాకా ఫరవాలేదు. అక్కణ్ణించి ప్రతి 3 డెసిబెళ్ళకీ సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. కాల్స్‌తో కలిపి రోజుకి ఏడెనిమిది గంటలు హెడ్‌ఫోన్ పెట్టుకునే మనకి ఈ లెక్క నోటికి రావాలి. బయటి గోలని తగ్గించి, వాల్యూమ్ నాలుగు మెట్లు దించగలిగేలా చేసేదే నా దృష్టిలో మంచి క్లోజ్డ్ బ్యాక్. మామూలు మూత కప్పులు మాటల్నీ కీబోర్డు చప్పుడునీ బాగానే ఆపుతాయి. ఏసీ రొద, బస్సు ఇంజను లాంటి కింది శబ్దాల్ని పెద్దగా ఆపలేవు. అక్కడ నాయిస్ క్యాన్సిలింగ్‌దే పైచెయ్యి. క్యాబ్‌లో గంటన్నర ప్రయాణం చేసేవాడికి మూడు లక్షల స్టెల్త్ కన్నా పాతిక వేల నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోనే చెవులకి ఎక్కువ మేలు చేస్తుంది. పోయిన వినికిడిని ఏ వారంటీ తిరిగివ్వదు.

"అయితే ఖరీదైనవి కొనేవాళ్ళంతా వెర్రివాళ్ళా?" అని అడగొచ్చు. కానే కాదు. తోలు మెత్త, ఏళ్ళ తరబడి నిలిచే పనితనం, చేతిలోకి తీసుకున్నప్పటి తృప్తి, అవీ నిజమైనవే. స్టెల్త్ లాంటివి ఒక కష్టమైన సమస్యని నిజంగానే ముందుకి నెట్టాయి. ఇల్లూ వాకిలీ చూసుకున్నాక, అప్పు లేకుండా, ఇష్టం కొద్దీ కొనుక్కుంటే నాకు ఆనందమే, ఓ రోజు అరువిస్తే ఇంకా ఆనందం. నా పేచీ అంతా "ఇది పెట్టుకుంటే గానీ పాట వినబడదు" అనే ప్రచారంతోనే. ఆ మాట విని పాతికేళ్ళ కుర్రాళ్ళు ఈఎంఐల్లో దిగుతున్నారు. ఇష్టాన్ని ఇష్టమనే అందాం, దానికి సైన్సు చొక్కా తొడగొద్దు.

తమ్ముడికి చెప్పింది ఇదే: "పదిహేను వేల లోపల నీ కళ్ళజోడుతో సరిగ్గ కూసునేది ఒకటి తీసుకో. డీటీ 770 అయితే 250 ఓమ్‌లది కాదు, 32 గానీ 80 గానీ చూడు, లాప్‌టాప్‌కే నడుస్తది. ఏడాది విను. అప్పటికి గూడ ఏం తక్కువైందో నువ్వు పేరు పెట్టి చెప్పగలిగితే, అప్పుడు పైది చూద్దాం."

"గట్లంటే ఏడాదికి నాకసలు తక్కువే అనిపియ్యకపోతే?" అన్నాడు.

మూడు లక్షలు మిగిలినట్టే కదరా మరి!

మీరేమంటారు? వాల్యూమ్ సమం చేసి, పేరు చూడకుండా పోల్చిన వాళ్ళెవరైనా ఉంటే మీ అనుభవం తప్పకుండా చెప్పండి. నా అభిప్రాయం మార్చుకోవడానికి నేను సిద్ధమే. ఈఎంఐ కట్టడానికి మాత్రం కాదు.